మునగ చెట్టు వెనక వైపు

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. ఈ కథలో నిఖిల అబద్ధాలకోరు. ఏదో నోరు జారి ఆడిన అబద్ధం కాదు, పద్నాలుగు నెలలుగా, నెలకోసారి, తారీఖు చూసుకుని మరీ ఆడింది. ఆ సంగతి నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుస్తుంది. తాండూరులో వాళ్లత్త ఇందిరమ్మకు మాత్రం తెలియదు, కనీసం ఈ కథ మొదలయ్యేటప్పటికి తెలియదు. కాబట్టి కాస్త గొంతు తగ్గించి చదువుకోండి.

అబద్ధం దేని గురించంటే, ముట్టు గురించి.

ఆ ఇంట్లో ముట్టయిన ఆడమనిషి మూడు రోజులు వంటింట్లోకి రాకూడదు, దేవుడి అర్ర వైపు చూడకూడదు, పచ్చడి జాడీలు, తులసి కోట, పెరట్లో మునగ చెట్టు తాకకూడదు. తాకితే పచ్చడికి బూజు, చెట్టుకు పురుగు. ఆ మూడు రోజులూ ఇంటి వెనక అర్రలో ఉండాలి. ఒక నులక మంచం, ఒక ఫ్యాను, ఒక కిటికీ. కిటికీ ఎదురుగా మునగ చెట్టు. మధ్యాహ్నం అన్నం పళ్లెం గడప బయటికి వస్తుంది. పెళ్లయిన మొదటి నెలలో ఆ పళ్లెం చూసి నిఖిలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్లు కంప్యూటర్లు చదివి, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే పిల్ల, గడప దగ్గర పళ్లెం కోసం వంగడం ఏమిటని. ఎవరికైనా ఫోన్ చేసి ఏడుద్దామనుకుంది. కానీ రెండో రోజు పదకొండు గంటలకు ఒక వింత సంగతి గమనించింది. పొద్దున్నుంచి తనను ఎవరూ పిలవలేదు. "నిఖిలా, జర చాయ్ పెట్టు" లేదు. "నిఖిలా, గ్యాసాయన వచ్చిండు" లేదు. మామయ్య బుచ్చయ్య కళ్లజోడు, భర్త శివశంకర్ చార్జర్, ఏవీ పోలేదు, లేదా పోయినా వాళ్లే వెతుక్కున్నారు. వారం పట్టే పని ఆమె ఒకటిన్నర రోజులో ముగించింది. టీమ్ లీడ్ హాసిని, "ఏంటి నిఖిలా, ఈ స్పీడు?" అని మెసేజ్ పెట్టింది. నాలుగో రోజు తలంటుకుని మళ్లీ వంటింట్లోకి వెళ్తున్నప్పుడు నిఖిలకు సెలవులు అయిపోయిన పిల్ల బడికి వెళ్తున్నట్టు అనిపించింది.

ఆ సాయంత్రం ఆఫీసు క్యాలెండర్ తెరిచి చూసుకుంది. వాళ్ల కంపెనీలో పని రెండేసి వారాల ముక్కలుగా నడుస్తుంది. రెండు ముక్కలు కలిస్తే ఒక రిలీజ్, తయారైన సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్లే గడువు. అంటే ఇరవై ఎనిమిది రోజులకోసారి, మూడు రోజుల పాటు, ఊపిరాడని పని. ఇరవై ఎనిమిది అన్న అంకె చూసి ఆ పిల్ల లాప్‌టాప్ ముందు ఒక్కతే నవ్వింది.

అప్పటి నుంచి రిలీజ్ వచ్చినప్పుడల్లా నిఖిలకు ముట్టు. నిజం ముట్టు దాని దారిన అది ముప్ఫై రోజులకో, ముప్ఫై మూడుకో వచ్చేది. అప్పుడు మాత్ర వేసుకుని, నడుము నొప్పితో జొన్నరొట్టెలు కొట్టేది, శుక్రవారం దీపం పెట్టేది, పచ్చడి జాడీలో చెయ్యి పెట్టేది. పోయిన ఏడు ఆవకాయ కలిపింది సరిగ్గా రెండో రోజున. ఆ జాడీ అడుగుదాకా బాగుంది, బుచ్చయ్య వేలు నాకి మరీ మెచ్చుకున్నాడు. ఇందిరమ్మేమో వీధిలో వాళ్లతో, "మా కోడలిది గడియారం లెక్క, ఒక్క దినం ఇటుగాదు అటుగాదు" అని చెప్పుకునేది. చెప్పాక ఇంట్లోకొచ్చి నిట్టూర్చేది కూడా, ఆ గడియారం ఒక్క నెలైనా ఆగితే బాగుండునని.

పరీక్షలు పెట్టడమే ఉద్యోగమైన మనిషి నిఖిల. పద్నాలుగు నెలల పరీక్ష. ఫలితం శుభ్రంగా చేతిలో ఉంది. బూజు లేదు, పాలు విరగలేదు, తులసి కూడా పచ్చగా ఉంది. కానీ ఆ ఫలితం చెప్పుకోవడానికి మనిషి లేరు. ఇంత నవ్వొచ్చే సంగతి గొంతు దాకా వచ్చి మళ్లీ లోపలికి పోయేది. శివశంకర్‌తో చెబితే తల్లితో చెబుతాడు. హాసినితో చెబితే ఆఫీసంతా తెలుస్తుంది. పాత స్నేహితురాళ్ల గ్రూపులో టైపు చేసి, చెరిపేసి, బదులుగా ఎవరిదో పాప పుట్టినరోజుకు కేకు బొమ్మ పెట్టేది. వెనక అర్రలో రిలీజ్ అయిపోయిన సాయంత్రాలు కిటికీలోంచి మునగ చెట్టు వైపు చూస్తూ కూర్చునేది. ఆ ఇంట్లో ఆమెను ఏ పనీ అడగనిది ఆ చెట్టొక్కటే.

ఇక శివశంకర్ గురించి. చెడ్డవాడేమీ కాదు, ఆ మాట అతనే చాలాసార్లు చెప్పాడు. వాళ్లది బజార్లో విత్తనాలు, ఎరువులు, పురుగు మందుల దుకాణం. పెద్దేముల్ నుంచి, కొడంగల్ నుంచి రైతులు వచ్చి, కందికి పట్టిన పురుగును అగ్గిపెట్టెలో తెచ్చి చూపిస్తే అతను ఒక్క చూపులో మందు పేరు చెప్పేస్తాడు. పెళ్లికి ముందు మొదటిసారి మాట్లాడినప్పుడు, "నువ్వు జాబ్ చేస్తే నాకేం ఫికర్ లేదు" అన్నాడు. ఆ మాటకు అర్థం, తనకేం ఫికర్ ఉండకుండా చేసుకో అని, ఆమెకు పెళ్లయ్యాక తెలిసింది. "ఇంట్లనే ఉంటవ్ గద" అనేది అతని మాట. "లాప్‌టాప్ ముందట కూసునుడే గద" అనేది కూడా. ఒకసారి ఆమె మీటింగ్‌లో మాట్లాడుతుంటే వెనక నుంచి వచ్చి, కెమెరా ఉందని చూసుకోకుండా, ఉతకాల్సిన లుంగీ ఒళ్లో పడేసి వెళ్లాడు. అటు పక్క ఆరుగురు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం ఆమెకు చాలా రోజులు గుర్తుంది.

జూలైలో వానలు పట్టుకున్నాయి. పెరట్లో తాండూరు బండల మీద నాచు లేచింది. రిలీజ్ ముగిసి నిఖిల వెనక అర్రలోంచి వచ్చిన నాలుగో రోజు, ఇందిరమ్మ మునగాకు కోద్దామని పెరట్లోకి వెళ్లి, ఖాళీ చేతులతో వచ్చింది. చెట్టు పైకొమ్మలకు ఆకు లేదు. ఈనెలు మిగిలాయి. రాత్రికి రాత్రే ఎవరో దువ్వెనతో దువ్వి తీసేసినట్టుంది. కింద బండల మీద నల్లటి పెంట, ఆవాలు చల్లినట్టు. గొంగళి పురుగులు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇందిరమ్మ, చెట్టు దిక్కు ఎవరు పోయిన్రని అడిగింది. అడిగింది అందరినీ. కానీ ఆ ఇంట్లో కొన్ని ప్రశ్నలకు ఒక్కరే జవాబు. బుచ్చయ్య పప్పు కలుపుకున్నాడు. శివశంకర్ ఫోన్ చూసుకున్నాడు.

"మొన్న నువ్వు అర్రల ఉన్నప్పుడు చెట్టుకు చెయ్యానిచ్చి ఫోన్ల మాట్లాడినవ్," అంది ఇందిరమ్మ, గొంతు పెంచకుండా. "నేను కిటికిలకెళ్లి చూసిన."

నిజమే. ఆ అర్రలో సిగ్నల్ సరిగా ఉండదు. చెట్టు దగ్గరైతే మూడు గీతలు వస్తాయి. కంపెనీ వాళ్ల పేజీ ఒకటి తెరుచుకోవడం లేదని హాసిని ఫోన్ చేస్తే, నిఖిల ఇరవై నిమిషాలు మునగ మొదలు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఇప్పుడు ఆమె దగ్గర తిరుగులేని జవాబుంది. అత్తమ్మా, ఆ రోజు నాకు ముట్టే లేదు, నేను మీకన్నా శుభ్రంగా ఉన్నాను, ఇక పురుగు ఎందుకొచ్చిందో మీరే చెప్పండి. కానీ ఆ జవాబు చెబితే అర్ర పోతుంది. నెలకు ఆ మూడు రోజులు పోతాయి. మూడు రోజులు పోతే రిలీజ్‌లు పోతాయి, రెండు రిలీజ్‌లు పాడైతే ఉద్యోగం పోతుంది. ముద్ద నోట్లో పెట్టుకుని ఇదంతా లెక్క చూసుకుంది.

"తాకిన అత్తమ్మా. యాదిమరిచి తాకిన."

మొదటి అబద్ధాన్ని కాపాడుకోవడానికి రెండోది. ఇందిరమ్మ తలూపింది, తను అనుకున్నదే అయినప్పుడు మనుషులు ఊపినట్టు. బుచ్చయ్య, తిండి కాడ గీ ముచ్చట్లెందుకని విసుక్కున్నాడు. కోడల్ని కాపాడదామని కాదు, ఆయనకు తినేటప్పుడు అలాంటివి వినడం పడదు.

శివశంకర్ ఆ సాయంత్రమే దుకాణం నుంచి మందు తెచ్చాడు. పంపు వీపుకు తగిలించుకుని, నిచ్చెన ఎక్కి, పైనుంచి కొమ్మలన్నీ తడిసేలా కొట్టాడు. ఆరేసిన బట్టలన్నీ వాసన పట్టాయి, నిఖిల అవన్నీ మళ్లీ ఉతికింది. తెల్లారి చూస్తే ఇంకో రెండు కొమ్మలు బోడి. ఇంకా ఘాటు మందు తెచ్చి కొట్టాడు. ఇంకో మూడు కొమ్మలు. నాలుగు రోజుల్లో చెట్టు ఎండిన చీపురులా తయారైంది, అదీ ఇంటి పక్క సందులోకి కనబడేలా. ఆ వారమే పెద్దేముల్ నుంచి జంగప్ప అనే పాత ఖాతాదారు మందు కోసం వచ్చి, ఆ సందులోంచి నడిచి, దుకాణంలో పది మంది ఉండగా అన్నాడట, "సేటూ, నీ చెట్టుకే ఆకు లేదు, మా కందికేం మందిస్తవ్?" అందరూ నవ్వారు. శివశంకర్ కూడా నవ్వాడు. ఇంటికి వచ్చాక మాత్రం నవ్వలేదు.

ఆదివారం మనిషిని పిలిచి చెట్టు కొట్టిస్తానన్నాడు. అంతటితో ఆగితే ఈ కథ ఉండేది కాదేమో. చెట్టు పోతే ఆ జాగా కలుపుకుని వెనక అర్రకు షట్టర్ పెట్టి గోదాం చేద్దామని, వానాకాలం స్టాక్ పెట్టడానికి చోటు లేక పరేషాన్ అవుతున్నామని తండ్రితో అన్నాడు. బుచ్చయ్యకు ఆ ఆలోచన నచ్చింది. నిఖిల చేతిలో మజ్జిగ గ్లాసులున్నాయి.

"మరి ఆ మూడు రోజులు నేనెక్కడుండాలె?"

"మెట్ల కింద జాగ లేదా?" అన్నాడు శివశంకర్. ఆమె ముఖం చూసి, తను చెడ్డవాడు కాదని గుర్తొచ్చి, "ప్లగ్గు పెట్టిస్త తియ్, లాప్‌టాప్‌కు," అని కలిపాడు.

మెట్ల కింద చీపుళ్లు, పాత టైరు, నీళ్ల మోటారు ఉంటాయి. నిటారుగా కూర్చుంటే తల తగులుతుంది. నిఖిల మజ్జిగ ఇచ్చేసి వెనక అర్రలోకి వెళ్లి, ఊరికే, ముట్టు లేకుండానే, ఆఫీసు పని లేకుండానే, మంచం మీద కూర్చుంది. అమ్మకు ఫోన్ చేసింది. పద్మారాణి వికారాబాద్‌లో స్టేషన్ రోడ్డులో బ్లౌజులు కుడుతుంది. తాండూరు నుంచి రైలెక్కితే గంట కూడా పట్టదు. నిఖిల చివరిసారి వెళ్లింది ఉగాదికి. ఈసారి అమ్మకు అంతా చెప్పేద్దామనుకుంది. క్యాలెండర్, ఇరవై ఎనిమిది, ఆవకాయ, అన్నీ. అమ్మ నవ్వుతుంది, మొదట తిట్టి తర్వాత నవ్వుతుంది, అనుకుంది.

చెట్టు సంగతి విని పద్మారాణి మిషన్ ఆపింది. "ఎందుకు తాకినవ్ బిడ్డా? తెలిసిన ఇంటి పిల్లవు గద. మెల్లగ ఉండాలె."

అప్పుడే అటు స్టేషన్లోకి ఏదో బండి వచ్చింది. ఆ చప్పుడులో నిఖిల "అమ్మా, నిజం చెప్తున్న, ఆ రోజు నాకు" అనేదాకా వచ్చింది. బండి ఆగింది. అమ్మ "ఏమో అంటున్నవ్, ఇనబడలె" అంది. "ఏం లేదమ్మా, మళ్ల చేస్త" అని పెట్టేసింది. కిటికీ బయట చెట్టు, బోడిగా, వానలో. ఆ చెట్టు మీద ఆమెకు జాలి కలిగింది. దానికేం జరుగుతోందో అది కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

శుక్రవారం తెల్లవారుజామున కడుపులో మెలి తిరిగి లేచింది. ఇది అసలుది. మాత్ర వేసుకుని, గిన్నెలు తోముదామని పెరట్లోకి వెళ్లింది. గిన్నెలు తోమే బండ చెట్టుకూ ప్రహరీకీ మధ్య సందులో ఉంటుంది. బండలు నిలబెట్టి కట్టిన ప్రహరీ, దానికి జానెడు దూరంలో మునగ మొదలు. ఆ సందులోకి మగవాళ్లు రారు, రావలసిన పని వాళ్లకు లేదు. వానలకు వారం రోజులుగా గిన్నెలు వసారాలోనే తోముతుండటంతో నిఖిల కూడా అటు పోలేదు. ఆ రోజు వాన తెరిపిచ్చింది. బూడిద కోసం వంగినప్పుడు చూసింది.

మొదలు వెనక వైపు, మోకాలెత్తు నుంచి భుజమెత్తు దాకా, బెరడు కనబడటం లేదు. గొంగళి కప్పినట్టుంది. దగ్గరికి వెళ్తే ఆ గొంగళి సన్నగా కదిలింది. వందల పురుగులు, ఒకదాని మీద ఒకటి, ఒళ్లంతా వెంట్రుకలతో, పగటి నిద్రలో. అన్నీ గోడ వైపే, ఎండ తగలని చోట, ఎవరి కంటా పడని చోట.

నిఖిల అక్కడే కూర్చుండిపోయింది. అసహ్యం కలగాలి, కలిగింది కూడా, కానీ దాని వెనకే ఇంకోటి వచ్చింది, ఎక్కడ తప్పుందో దొరికినప్పుడు ఆఫీసులో వచ్చే హుషారు. రాత్రి పైకెక్కి తింటున్నాయి. తెల్లారేసరికి దిగొచ్చి ఇక్కడ పడుకుంటున్నాయి. శివశంకర్ సాయంత్రం వెలుగుండగా వచ్చి, పైన, ఖాళీ కొమ్మల మీద మందు కొడుతున్నాడు. వానేమో ఆ మందును తెల్లారేలోపు కడిగేస్తోంది. కంది చేను రొమ్ము దాకా పెరుగుతుంది, దాని పురుగు పూత మీదే, కాయ మీదే ఉంటుంది, మనిషి నిలబడి పైనుంచి కొడితే సరిపోతుంది. ఆ ఇంటి చేతులకు కంది ఒక్కటే తెలుసు. చెట్టు వెనక్కి వచ్చి చూడాలని వాళ్లకు తట్టలేదు.

శివశంకర్ పళ్లు తోముకుంటుంటే వెళ్లి చెప్పింది. పురుగులు పైన లేవని, మొదలు మీద ఉన్నాయని, ఒక్కసారి వెనకకొచ్చి చూడమని.

"దుకాణం నాదా, నీదా?" అన్నాడు నురగ నోటితోనే నవ్వుతూ. "ఇది సాఫ్ట్‌వేర్ కాదు. ఆదివారం మనిషొస్తుండు కొట్టనీకె. ఇగ ఆ చెట్టు ముచ్చట ఇడిసెయ్."

సరే, విడిచెయ్యలేదు.

అతను దుకాణానికి వెళ్లాక అతని పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుంది. ముఖానికి చున్నీ చుట్టుకుంది, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేసుకుంది. బకెట్‌లో సర్ఫు నీళ్లు కలిపి, అరిగిన కొబ్బరి చీపురు తీసుకుని, పైనుంచి కిందికి గీకడం మొదలుపెట్టింది. పురుగులు ముద్దలుగా బకెట్‌లో పడ్డాయి. వెంట్రుకలు ఎగిరి మెడ మీద, చెవుల వెనక, చొక్కా లోపల ఎక్కడెక్కడో దిగాయి. పదిన్నరకు ఆఫీసు కాల్ ఉంటే, దద్దుర్లతో ఎర్రబడిన మెడ కనబడకుండా కెమెరా ఆపి మాట్లాడింది. మధ్యలో వెళ్లి శుక్రవారం దీపం పెట్టింది. శనివారం మళ్లీ అంతే. మిగిలినవి కొన్ని కిందికి దిగి బండల అంచుల కింద దాక్కున్నాయి. బండలు ఒక్కోటి లేపి చూసింది. నడుము తెగిపోతోంది. వంటింటి కిటికీలోంచి ఇందిరమ్మ చూస్తోందని తెలుసు. శనివారం సాయంత్రం గిన్నెలు తోమే బండ మీద కొబ్బరి నూనె గిన్నె కనబడింది. ఎవరు పెట్టారో చెప్పనక్కర్లేదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు మొదలు మీద ఏడెనిమిది పురుగులే ఉన్నాయి. అవీ గీకేసి, సర్ఫు నీళ్లతో మొదలంతా కడుగుతుంటే ఇందిరమ్మ వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడి, కడిగిన బెరడు వైపు చూసింది.

"మంచిదైంది. ఇయ్యాలరేపు నీకు ముట్టు లేదు గనక సరిపోయింది. చెట్టు నిలబడతది."

ఆ మాటకు నిఖిల చీపురు ఆపింది. చేతుల మీద దద్దుర్లు, కడుపులో నొప్పి, మూడు రోజుల నిద్రలేమి. జాగ్రత్తగా లెక్క చూసుకునే ఓపిక ఆమెలో అయిపోయింది.

"ఇయ్యాల మూడో దినం అత్తమ్మా," అంది. "మొన్న అర్రల ఉన్నప్పుడు లేదు. ఇప్పుడున్నది. నిరుటి సంది గంతే."

వాన చుక్కలు బకెట్‌లో పడుతున్న చప్పుడు. ఇందిరమ్మ వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. పోయిన శ్రావణ శుక్రవారమో, ఆవకాయో, ఏవి లెక్కపెట్టిందో తెలియదు. తర్వాత చాలా మెల్లగా, "గడియారం లెక్క అని వాడకట్టంత చెప్పిన గద" అంది. ఆ ముఖంలో నవ్వు ఉందో లేదో నిఖిలకు అర్థం కాలేదు.

"ఆఫీసు పని ఉంటది అత్తమ్మా. గా మూడు దినాలు ఎవరు పిలవకుంటేనే అయితది."

ఇందిరమ్మ చెట్టు దగ్గరికి వచ్చి మొదలు మీద చెయ్యి పెట్టింది.

"శివ ఏడో తరగతిల ఉన్నడు గప్పుడు. నేను గా అర్రలనే కూసున్న. మా అత్త అనేది, ముట్టుతోటి తాకితే పచ్చని చెట్టు మాడిపోతదని. ఎవలో మునగ కొమ్మ కొట్టి ఈడ పారేసిన్రు. నిజంగ మాడతదా సూద్దామని, ఎవలు లేంది సూసి, మట్టిల గుచ్చిన. రెండో దినం."

నిఖిల తలెత్తి చెట్టు వైపు చూసింది. లెక్క వేస్తే పదిహేడేళ్ల చెట్టు. రెండంతస్తుల ఎత్తు.

"మరి నన్నెందుకు అన్నరు అత్తమ్మా?"

ఇందిరమ్మ ఆ ప్రశ్న తనకెప్పుడూ రాలేదన్నట్టు చూసింది.

"పురుగొచ్చింది. ఎవలనో ఒకలను అనాలె గద," అంది. బకెట్ తీసి పక్కన పెడుతూ, "మీ మామకు, వానికి చెప్పకు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఎనిమిదింటికి గొడ్డలి మనిషి వచ్చాడు. ఇందిరమ్మ గుమ్మంలోంచే, అవసరం లేదు, పురుగు పోయిందంది. శివశంకర్ చెట్టు చుట్టూ, ఈసారి వెనక వైపు కూడా తిరిగి చూశాడు. కడిగిన బెరడు తళతళలాడుతోంది. కొమ్మల కణుపుల్లో గోటి కొన అంత పచ్చదనం. "ఘాటు మందు. జర ఆలస్యంగ పట్టుకుంటది" అన్నాడు. గొడ్డలి మనిషికి చాయ్ ఇప్పించి పంపాడు. చాయ్ నిఖిలే పెట్టింది. ఆ వారంలో దుకాణంలో జంగప్పకు ఆ మందే అమ్మాడని, మా చెట్టే సాక్ష్యమని చెప్పాడని తర్వాత తెలిసింది. గోదాం సంగతి దసరా తర్వాత చూద్దామన్నారు.

ఒక రహస్యం ఇద్దరిదైతే బరువు తగ్గుతుందని నిఖిల అనుకుంది. తగ్గలేదు. ఆ రోజు నుంచి ఇందిరమ్మ ఆమె కళ్లలోకి చూడటం మానేసింది. నిఖిల వెనక అర్రలో కూర్చున్నప్పుడు ఆ నులక మంచం మీద ఇంకో మనిషి కూర్చున్న ఆనవాళ్ల కోసం వెతికేది. ముప్ఫై ఏళ్లు ఆ కిటికీలోంచి చూసిన మనిషి. పరీక్ష పెట్టి, ఫలితం కళ్ల ముందు రెండంతస్తులు పెరుగుతుంటే, పదిహేడేళ్లు నోరు విప్పని మనిషి. ఆ చెట్టు ఆకు కోసి పప్పు వండి, ముట్టయిన కోడలికి గడప బయట పెట్టిన మనిషి. నేనూ ఇలాగే దాచుకుంటానా? నా ఇరవై ఎనిమిది రోజుల క్యాలెండర్ నాతోనే ముసలిదవుతుందా? రేపు ఈ అర్రలో ఇంకో పిల్ల కూర్చుంటే, పురుగొచ్చిన రోజు నేనూ ఆమె వైపే చూస్తానా?

ఆగస్టు రిలీజ్ బుధవారం పడింది. పొద్దున ఏడింటికి నిఖిల లాప్‌టాప్, చార్జర్, నీళ్ల సీసా తీసుకుని వసారాలోకి వచ్చింది. బుచ్చయ్య పేపర్ చదువుతున్నాడు. శివశంకర్ బూట్లు తొడుక్కుంటున్నాడు.

"నాకు మూడు రోజులు ఆఫీసు పనుంది. వంట చెయ్యను. వెనక అర్రల ఉంట," అంది.

శివశంకర్ తలెత్తాడు. వంటింట్లోంచి ఇందిరమ్మ గొంతు గబగబా వచ్చింది. "ముట్టయింది దానికి. పోనియ్."

ఆ గొంతులో దయ ఉంది. నిఖిలకు తెలిసింది. ఆ దయ పట్టుకుంటే చాలు, ఇంకో పదిహేడేళ్లు హాయిగా గడిచిపోతాయి. ఆమె గడప మీద నిలబడింది.

"కాలేదు అత్తమ్మా. నాకు ముట్టు కాలేదు. పనుంది."

పేపర్ మడత పడిన చప్పుడు. వంటింట్లో గరిటె ఆగింది. "అంటే ఇగ నీ ఇష్టమొచ్చినప్పుడు కూసుంటవా?" అన్నాడు శివశంకర్. "కాదు, పనున్నప్పుడు," అంది. పెరట్లోకి నడిచి, అర్రలోకి వెళ్లి, తలుపు తెరిచే ఉంచి, పని మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం గడప బయటికి పళ్లెం రాలేదు. ఒంటిగంట అయింది, రెండైంది. ముట్టయిన మనిషికి అన్నం పెట్టడం ఆ ఇంటి ఆచారం. పనున్న మనిషికి పెట్టే ఆచారం లేదు. రెండున్నరకు నిఖిల లేచి వంటింట్లోకి వెళ్లింది. ఇందిరమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. నిఖిల పళ్లెం తీసుకుని అన్నం పెట్టుకుంది. పచ్చి పులుసు గిన్నె అటు పక్క ఉంది, చెయ్యి అందలేదు. కాసేపటికి ఆ గిన్నె నేల మీద జరిగి, నాలుగు వేళ్ల దూరం, ఆమె వైపు వచ్చింది. ఇందిరమ్మ మళ్లీ వంకాయలు తరుక్కుంది.

నిఖిల పళ్లెం పట్టుకుని వెనక అర్రకు వెళ్లి, కిటికీ ముందు కూర్చుని ఒక్కతే తింది. మునగ చెట్టుకు కొత్త ఆకు వస్తోంది.

ఆమె కథ నాకు తెలిసినంత చెప్పాను. ఇక మీరు చెప్పాలి. మీ ఇంట్లో ఏ చెట్టు పురుగుకు మీ చెయ్యి కారణమన్నారు? ఏ జాడీ బూజు, ఏ విరిగిన పాలు? మీకంటూ మూడు రోజులు కావాలని మీరు ఆడిన అబద్ధం ఏది? ఇంకెవరి మీదో నింద పడుతుంటే తెలిసీ పచ్చి పులుసు గిన్నె ఒకటి మెల్లగా జరిపి ఊరుకున్నారా? అదైనా ఈ కథ కింద రాయండి. పేరు పెట్టకపోయినా పర్వాలేదు. వెనక అర్రలో సిగ్నల్ సరిగా రాదు, కానీ నిఖిల ఫోన్ పట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చి చదువుతుంది.